ఎడమకి తిప్పు

"ఇంకేమైనా అప్పులున్నాయా?"
అడిగింది బ్యాంకు అమ్మాయి,
టీలో చక్కెర ఎన్ని చెంచాలు అన్నంత మామూలుగా.
ఉన్నాయన్నాను.
రూరీ నా మోకాలి మీంచి చెయ్యి తీయలేదు,
అది మాత్రం గుర్తుంది.

టొర్రీలో, హార్బరు వెనక వీధి, మూడో అంతస్తు.
అబర్డీన్‌లో చమురు ధర ఆకాశాన్నంటిన ఏడాది కొన్నాం,
నేనూ, అప్పటి నా మొగుడు గ్రెగరూ.
చమురు దిగింది. ఊరు దిగింది.
గ్రెగర్ నార్వే పడవెక్కాడు.
ఇల్లు మాత్రం అప్పుకంటే పొట్టిదైపోయి
అక్కడే నిలబడింది.
అమ్మితే నేనే ఎదురు కట్టాలి.
అందుకని డనూటాకి అద్దెకిచ్చాను.
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆమెకి,
ఒకటో తారీఖు ఎప్పుడూ తప్పలేదు.
ఆమె డబ్బు నా ఖాతాలో ఒక్క రాత్రి పడుకుని
తెల్లారేసరికి బ్యాంకుకి వెళ్లిపోతుంది.

కొత్త ఇల్లు స్టోన్‌హేవెన్‌లో.
వంటగది కిటికీ చెక్క పుచ్చింది.
సముద్రం కనిపిస్తుంది, కుర్చీ ఎక్కితే.
రూరీకి నలభై మూడేళ్లు,
ఇన్నేళ్లలో తనదంటూ ఒక తలుపు లేదు:
అద్దె గదులు, ఓడ కేబిన్లు, అక్క వాళ్ల సోఫా.
అయినా లాయరు తేల్చి చెప్పింది,
"ఆమె పేర ఒకటుంది గనక
ఇది మీ ఇద్దరికీ రెండో ఇల్లే. పన్ను అదనం."
"మొదటిది చూడకుండానే రెండోదొచ్చేసింది నాకు"
అని నవ్వాడు మెట్లు దిగుతూ.
నేను నవ్వలేకపోయాను.
నా పాత సంసారానికి
అతను టికెట్ కొంటున్నాడు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు.
మా రేవులో పడవల్ని
ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు.
చివరిదాన్లోకి వెళ్లాలంటే
ముందున్న దాని డెక్కు తొక్కుకుంటూ పోవాల్సిందే,
అది ఎవరిదైనా.

సంతకాలు ఇంకో నాలుగు రోజులుందనగా
అర్ధరాత్రి దాటాక డనూటా ఫోను.
"వంటగదిలో నీళ్లు. ఆగట్లేదు."
రూరీ నాకంటే ముందు బూట్లు వేసుకున్నాడు.

ఆ గుమ్మం తొక్కి రెండేళ్లయింది నేను.
ఉన్న తువ్వాళ్లన్నీ నేలమీద పరిచిందామె.
ఆకుపచ్చ గోడ అలాగే ఉంది.
ఆ రంగు దగ్గరే గ్రెగరూ నేనూ
ఒక వారం మాట్లాడుకోలేదు.
ఇప్పుడు దానిమీద ఎవరో పిల్లాడి ఫోటో,
ముందు పళ్లు రెండూ లేవు.

టార్చి నోట కరుచుకుని సింకు కింద దూరాడు రూరీ.
అందరిలాగే కుడికి తిప్పాడు.
నీళ్లు ఇంకా ఎగిశాయి.
అప్పుడు కనబడింది, చెక్క మీద పెన్సిలు గీత,
ఒక బాణం, దాని కింద:
"ఇది తిరకాసుది. ఎడమకి తిప్పు."

గ్రెగర్ రాత.
కిరాణా చీటీల మీదా, విడాకుల కాగితాల మీదా
అదే వంకర.
టార్చి వెలుగు కాసేపు అక్కడే ఆగింది.
ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు నాకు.

ఎడమకి తిప్పాడు.
ఆగాయి.

"ఎవరో గాని, పుణ్యం కట్టుకున్నాడు"
అన్నాడు తల తుడుచుకుంటూ. అంతే.
డనూటా టీ పెట్టింది.
ఎవరింటికి ఎవరు చుట్టమో తేలక
ముగ్గురం నిలబడే తాగాం.

సోమవారం ఎనిమిది చోట్ల సంతకాలు.
రెండు అప్పులూ తీరేనాటికి నాకు అరవై ఎనిమిది.
ఆ అంకె మీద మాత్రం వేలు పెట్టి చూశాను,
వేడిగా ఏమీ లేదు.

కొత్త తలుపు ఉప్పుగాలికి ఉబ్బింది, భుజంతో తోయాలి.
పెట్టెలు ఇంకా వ్యానులోనే.
రూరీ తిన్నగా వంటగదిలోకెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.
సింకు కింద కొళాయి అటోసారి ఇటోసారి తిప్పి చూసి
పెన్సిలు కోసం జేబులన్నీ తడుముకున్నాడు.
లేదు.

నా సంచిలో ఒకటుంది.
ఎందుకో వెంటనే ఇవ్వలేదు.
తడిసిన ఆ చొక్కా వీపు చూస్తూ
కాసేపు అలా నిలబడ్డాను.